చెయ్యి టైటు, మెడ లూజు: స్వెటర్ మొత్తం విప్పాలా?

నీలిఊలు
ప్యాటర్న్ (అల్లడానికి రాసిచ్చిన సూచనలు) చూసి కింద నుంచి పైకి, ముక్కలు ముక్కలుగా అల్లే స్వెటర్. ముందు, వెనక భాగాలు అయిపోయి భుజాలు కలిపేశాను. మెడకు రిబ్ (సూటి, ఉల్టా కుట్లు, అంటే నిట్, పర్ల్, మార్చి మార్చి అల్లే సాగే పట్టీ) కూడా వేసేశాను. ఒక చెయ్యి పూర్తయింది, ఇంకా అతకలేదు, పిన్నులు పెట్టి తొడిగి చూశాను. రెండో చెయ్యి మొదలుపెట్టలేదు.

మూడు ఇబ్బందులు ఉన్నాయి. చెయ్యి చంక దగ్గర బిగుసుకుపోతోంది. పొడవేమో అరచేతి మీదికి వచ్చేస్తోంది. మెడ పట్టీ ఒంటికి ఆనకుండా అలలు అలలుగా నిలబడుతోంది, జాకెట్ మెడలాగా వెడల్పుగా కనిపిస్తోంది.

వివరాలు ఇవి. 4 మి.మీ. సూదులు, 10 సెం.మీ.కి 22 కుట్లు, 30 వరుసలు. చెయ్యి 48 కుట్లతో మొదలై 66కి చేరింది, చంక వరకు పొడవు 48 సెం.మీ. వెనక మెడ 44 కుట్లు. ముందు మెడ మధ్యలో 20 కుట్లు మూసి (సూది మీద నుంచి దించి అంచు కట్టేసి), ఒక్కో పక్క 3, 2, 2, తర్వాత ఒక్కొక్కటి చొప్పున 5 సార్లు, మొత్తం 12 తగ్గించాను. మెడ లోతు 27 వరుసలు. పట్టీకి మెడ అంచు నుంచి 136 కుట్లు సూది మీదకు ఎత్తి, అదే సూదితో 9 వరుసలు అల్లాను.

మొత్తం విప్పకుండా దారి ఉందా?

రెండుసూదులు
ఊలు దేనిదో చెప్పలేదు. చెయ్యి చుట్టుకొలత కూడా చెప్పండి, అంటే బాహువు బాగా లావుగా ఉన్న చోట టేపు చుట్టి కొలిచింది. మణికట్టు నుంచి చంక దాకా ఎంత? అవి లేకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే.

నీలిఊలు
పూర్తిగా యాక్రిలిక్, డీకే, అంటే మధ్యరకం మందం. బాహువు చుట్టుకొలత 32 సెం.మీ., మణికట్టు 16. మణికట్టు నుంచి చంకకు 43.

గుంటూరు_దారం
అయితే ఇంత ఆలోచన ఎందుకండీ, తడిపి, పిన్నులు పెట్టి సాగదీసి ఆరబెట్టండి. రెండు మూడు సెంటీమీటర్లు ఇట్టే వస్తుంది.

ఊలుండ
గుంటూరు గారూ, గొర్రె ఊలైతే మీరన్నది నిజం. తడిస్తే పోగు మెత్తబడి, ఆరాక పెట్టిన ఆకారంలో నిలుస్తుంది. యాక్రిలిక్ అలా నిలవదు. తడి మీద ఎంత లాగినా ఆరాక మళ్లీ మొదటికి వస్తుంది. దాన్ని మార్చేది వేడి ఒక్కటే. ఇస్త్రీపెట్టెను రెండు మూడు సెం.మీ. ఎత్తులో పట్టుకుని ఆవిరి మాత్రమే తగలనివ్వాలి. పొరపాటున ఆనిందా, కుట్లు చదునైపోయి మెరుపు వస్తుంది. ఆ మెరుపు ఇక పోదు. ఆవిరి ఎక్కువైనా సాగే గుణం చచ్చిపోయి బట్ట జారిపోతుంది. రిబ్ మీదకు ఆవిరి అసలు పోనివ్వకండి.

పైగా ఇక్కడ కావలసింది రెండు మూడు సెంటీమీటర్లు కాదు. 66 కుట్లలో రెండు పక్క కుట్టులోకి పోతాయి. మిగిలిన 64ను 2.2తో భాగిస్తే 29 సెం.మీ. బాహువు 32. అంటే బాహువు కన్నా చెయ్యి 3 సెం.మీ. తక్కువ. లోపల చొక్కా వేసుకోవాలంటే కనీసం 3 నుంచి 5 సెం.మీ. లూజు ఉండాలి. ఆరేడు సెంటీమీటర్ల తేడాను ఏ ఆవిరీ తీర్చదు.

లెక్కల_లలిత
ఊలుండ గారి లెక్క సరైనదే. చెయ్యి విప్పాల్సిందే, కానీ మొత్తం కాదు. కఫ్ రిబ్ 18 వరుసలు ఉంటాయి కదా (6 సెం.మీ.), అక్కడిదాకా విప్పి ఆపండి. మణికట్టు 16కి 48 కుట్ల కఫ్ సరిగ్గా ఉంటుంది.

పైన ఎన్ని కుట్లు కావాలి: 32కు 3.5 లూజు కలిపితే 35.5 సెం.మీ. 2.2తో గుణిస్తే 78, పక్క కుట్టుకు 2 కలిపి 80.

48 నుంచి 80 అంటే 32 కుట్లు పెరగాలి. ఒక్కో వరుసలో రెండు చివరలా ఒక్కొక్కటి కాబట్టి 16 సార్లు.

పొడవు 43 సెం.మీ. అంటే 129 వరుసలు. అందులో కఫ్ 18 తీసేయండి. చంక కింద 12 వరుసలు పెంచకుండా తిన్నగా వదలాలి. లేకపోతే పెంచినదంతా చివర్లో పడి చంకలో గరాటులా తెరుచుకుంటుంది. మిగిలేవి 99 వరుసలు, 16 సార్లు పెంచాలి, 6 వరుసలకోసారి. 96 అయ్యాయి, మిగిలిన 3 తిన్నగా వెళ్లే భాగంలో కలిపేయండి.

ప్యాటర్న్‌లో 9 సార్లే పెంచి 48 సెం.మీ. అల్లమన్నారు. అందుకే అటు టైటు, ఇటు పొడవు.

మూడోవరుస
లలిత గారి లెక్కకు చిన్న మార్పు. రిబ్ చివరి వరుసలోనే 4 కుట్లు పెంచి 52 చేస్తే ముంజేయి దగ్గర కూడా కొంచెం విశాలంగా ఉంటుంది. అప్పుడు 14 సార్లు పెంచితే చాలు, 7 వరుసలకోసారి.

లెక్కల_లలిత
ముంజేయి లావుగా ఉన్నవాళ్లకు అది మంచిదే. కానీ 7 అనకండి. ఇటూ అటూ తిప్పి అల్లేటప్పుడు బేసి లెక్క పెడితే ఒకసారి ఎదురు వైపు, ఒకసారి వెనక వైపు పెంచాల్సి వస్తుంది. పర్ల్ వైపు పెంచిన కుట్టు ఎదుటి నుంచి చూస్తే ఒరుగు తేడాగా తెలుస్తుంది. ఒకసారి 6, ఒకసారి 8, ఇలా ఏడేసి సార్లు మార్చి మార్చి వేయండి. 42, 56 కలిపి 98 వరుసలే వస్తాయి. అన్నీ ఎదురు వైపే పడతాయి.

సూదిమొన
పెంచే చోటు గురించి ఎవరూ చెప్పలేదు. చివరి కుట్టులో పెంచకండి. అంచు మెట్లు మెట్లుగా తయారై అతుకు వేసేటప్పుడు ఏ కుట్టు ఎక్కడిదో తెలియదు. అంచున ఒక కుట్టు అల్లి, దానికీ రెండో కుట్టుకూ మధ్య అడ్డంగా ఉన్న దారాన్ని ఎడమ సూదితో ఎత్తి, వెనక కాలులోంచి (సూదికి వెనక పక్కన ఉన్న దారంలోంచి) అల్లాలి. మెలి పడుతుంది కాబట్టి కన్నం రాదు. ఆ చివర ఒక కుట్టు మిగిలి ఉండగా మళ్లీ అదే పని, కానీ దారాన్ని వెనక నుంచి ఎత్తి ముందు కాలులోంచి అల్లండి. రెండూ ఎదురెదురుగా ఒరుగుతాయి.

పెంచిన ప్రతి చోటా వేరే రంగు దారం ముక్క వేలాడదీయండి. 6 వరుసలు లెక్కపెట్టడానికి కళ్లు నొప్పి పుట్టవు.

ఆదిలాబాద్_చలి
అల్లేసిన చెయ్యిని విప్పమంటే ప్రాణం ఉసూరుమంటుంది. చంకలో పట్టీ ముక్క వేస్తే సరిపోదా? జుబ్బాలకు దర్జీలు వేస్తారే, అలా. చెయ్యి అతుకు పైభాగంలో తెరిచి మూడు మూలల ముక్క అల్లి అతికించడమే.

ఊలుండ
చంక గుండ్రంగా కోసినట్టు ఉండే చెయ్యికి ఇది పనికిరాదండీ. ఆ త్రికోణం మొన చేతి అతుకులో కిందికి ఉంటుంది, వెడల్పు వైపు చంక దగ్గర పైన ఉంటుంది. ఆ 6 సెం.మీ. అంచు దేనికి అతుక్కోవాలి? ఒంటి భాగంలో చంక రౌండ్ పెరగలేదు కదా. అందుకే జుబ్బా ముక్క నాలుగు మూలలది, సగం చేతిలోకి, సగం ఒంటి పక్క అతుకులోకి దిగుతుంది. చెయ్యి నలుచదరంగా ఉండే, భుజం జారిన స్వెటర్‌కు అది భేషుగ్గా కుదురుతుంది. దీనికి వేస్తే చంకలో ముద్ద పోగవుతుంది.

ఆదిలాబాద్_చలి
అర్థమైంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

రెండుసూదులు
అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. లలిత గారు చెయ్యిని 66 నుంచి 80కి వెడల్పు చేశారు. పైన క్యాప్, అంటే చంక నుంచి భుజం దాకా గంట ఆకారంలో సన్నబడే భాగం, ప్యాటర్న్‌లో ఉన్నట్టే అల్లితే చంక రౌండ్‌లో ఇమడదు. చాలామంది చెయ్యి వెడల్పు చేసి, క్యాప్ అలాగే వదిలేసి, అతికేటప్పుడు భుజం మీద బుట్ట చేతిలా కుచ్చు వస్తోందని బాధపడతారు. నీలిఊలు గారూ, క్యాప్ ఎలా అల్లమన్నారో రాయండి. చంక నుంచి భుజం అతుకు దాకా చంక రౌండ్ అంచు ఎంతో కొలవండి. టేపును బల్ల మీద పడుకోబెట్టకుండా, అంచు మీద నిలబెట్టి వంపు వెంట తిప్పితే సరైన కొలత వస్తుంది.

నీలిఊలు
కొలిచాను. ఒక వైపు, అంటే ముందు భాగం వరకు 22 సెం.మీ. వెనక కూడా అంతే. నిలువు లోతు 19. ఒంటి ముక్కలో చంక దగ్గర 5 కుట్లు మూసి, వరుస విడిచి వరుస 6 సార్లు తగ్గించాను.
క్యాప్‌కు ఇచ్చింది: రెండు వైపులా 5 కుట్లు మూయాలి, వరుస విడిచి వరుస రెండు చివరలా ఒక్కొక్కటి 19 సార్లు తగ్గించాలి, మిగిలిన 18 మూసేయాలి.

రెండుసూదులు
మంచిది. క్యాప్ అంచు సగం పొడవు కూడా ఆ 22కే రావాలి, మహా అయితే ఒక సెంటీమీటరు ఎక్కువ. క్యాప్ సగం అంచులో మూడు భాగాలుంటాయి. చంకలో మూసిన 5 కుట్లు, 2.3 సెం.మీ. నెత్తిన మూసే 18లో సగం 9 కుట్లు, 4.1 సెం.మీ. మధ్యలో ఏటవాలు. 22లోంచి ఆ రెండూ పోతే ఏటవాలుకు 15.6 సెం.మీ. మిగులుతుంది.

బడిలో చదివిన లంబకోణ త్రిభుజమే ఇది. కర్ణం 15.6. అడ్డం ఎంత? 80లో సగం 40, అందులో 5, 9 పోగా 26 కుట్లు, 11.8 సెం.మీ. నిలువు కావాలి. 15.6ను 15.6తో గుణిస్తే 243, 11.8ను 11.8తో గుణిస్తే 139. తేడా 104, దాని వర్గమూలం 10.2. అంటే క్యాప్ ఎత్తు 10 సెం.మీ. చిల్లర, దాదాపు 30 వరుసలు.

పాత 66 కుట్లకు ఇదే లెక్క వేస్తే అడ్డం 19 కుట్లు, 8.6 సెం.మీ., నిలువు 13. వాళ్లిచ్చిన 19 సార్లు, 38 వరుసలు సరిగ్గా అదే. చెయ్యి వెడల్పు పెరిగిన కొద్దీ క్యాప్ ఎత్తు తగ్గాలి. దీన్ని పట్టుకుంటే ఏ స్వెటర్ చెయ్యినైనా మార్చుకోవచ్చు.

కొత్తగా_అల్లిక
30 వరుసల్లో 26 కుట్లు ఎలా తగ్గుతాయి? వరుస విడిచి వరుస తగ్గిస్తే 15 కదా అయ్యేది.

రెండుసూదులు
సరిగ్గా పట్టుకున్నారు. అందుకే పైన ఒక్కొక్కటి కాకుండా గుంపుగా మూస్తాం.
ముందు చంక దగ్గర రెండు వైపులా 5, మిగిలేవి 70.
వరుస విడిచి వరుస ఒక్కొక్కటి 10 సార్లు, 20 వరుసలు, మిగిలేవి 50.
తర్వాత ప్రతి వరుస మొదట్లో 3 కుట్లు మూస్తూ 8 వరుసలు, మిగిలేవి 26.
ఆ తర్వాత రెండు వరుసల మొదట్లో 4 చొప్పున, మిగిలేవి 18. అవి ఒకేసారి మూసేయండి.
మొదట నిలువుగా, పైకి వెళ్లాక బోర్లించిన గిన్నెలా గుండ్రంగా వస్తుంది. వంపు తిరగడం వల్ల అంచు తిన్నని గీత కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. భుజం దగ్గర సర్దడానికి ఆ కొంచెం కావాలి కూడా.

సూదిమొన
3 కుట్లు మూసేటప్పుడు మెట్టు రాకుండా ఉండాలంటే, ముందు వరుస చివరి కుట్టు అల్లకుండా వదిలేసి తిప్పండి. తిప్పాక ఆ వదిలిన కుట్టు కుడి సూది మీద ఉంటుంది, ఎడమ సూది మీది మొదటి కుట్టును అల్లకుండా కుడి సూదికి జార్చి, వదిలిన కుట్టును దాని మీద నుంచి దాటించండి, లేదా తర్వాతి కుట్టుతో కలిపి మూయండి. అంచు నున్నగా వాలుతుంది. అతుకు వేసేటప్పుడు సూది ఎక్కడ గుచ్చాలో వెతుక్కోనక్కర్లేదు.

డాలస్_పద్మ
క్యాప్ పొట్టిదైతే చెయ్యి కిందికి దించినప్పుడు చంక కింద మడతలు పడతాయి. 13 నుంచి 10కి దించేశారు. ఆ మాటా చెప్పాలి కదా.

రెండుసూదులు
పడతాయి పద్మ గారూ, కాదనను. పొడుగు క్యాప్ నిలబడి చూస్తే నీటుగా ఉంటుంది కానీ చెయ్యెత్తితే స్వెటర్ మొత్తం పైకి లేస్తుంది. పొట్టి క్యాప్‌లో కొంచెం మడత పడుతుంది, చెయ్యి మాత్రం హాయిగా ఆడుతుంది. రోజూ ఇంట్లో వేసుకునేదానికి నేను రెండోదే ఎంచుకుంటాను. రెండూ కావాలంటే ఒంటి ముక్కల్లో చంక లోతే పెంచాలి, అంటే భుజాల దాకా విప్పాలి. ఇంత దూరం వచ్చాక అది వద్దు.

డాలస్_పద్మ
అది సరే. ఇక్కడి వీడియోలు చూసి అల్లేవాళ్లకు ఒక మాట. అమెరికా వాళ్ల 8వ నంబరు సూది అంటే 5 మి.మీ. మన దగ్గర పోనీ కంపెనీ సూదుల మీద ఉండే పాత నంబర్లలో 8 అంటే 4 మి.మీ. మన లెక్కలో నంబరు పెరిగిన కొద్దీ సూది సన్నం, వాళ్ల లెక్కలో లావు. నంబరు మీద నమ్మకం పెట్టుకోకుండా మిల్లీమీటర్లు చూసుకోండి. చెయ్యి టైటుగానో లూజుగానో రావడానికి చాలాసార్లు ఇదే కారణం.

గుంటూరు_దారం
ఇది తెలియక 10వ నంబరు కోసం 6 మి.మీ. సూది కొన్నవాళ్లు ఉన్నారు. మన 10 అంటే 3.25.

నీలిఊలు
చెయ్యి సంగతి తేలింది, కఫ్ దాకా విప్పుతాను. మెడ మాటేమిటి? ముందు ముక్క మెడ దాకా విప్పి 44ను 38కి తగ్గించాలా?

ఆదిలాబాద్_చలి
20 సెం.మీ. మెడ చాలా వెడల్పు. పెద్దవాళ్లకు వెనక మెడ 15 నుంచి 18 ఉంటే చాలు. విప్పడమే మంచిది. వెనక ముక్క కూడా.

లెక్కల_లలిత
ఆగండాగండి. 20 అనేది పట్టీ వేయకముందు కొలత. పట్టీ 3 సెం.మీ. అడ్డంగా లోపలికి వాలితే రెండు వైపులా కలిపి 6 తగ్గి 14 మిగులుతుంది. ముందు లోతు 9లో 3 పోయి 6. గుండ్రటి మెడకు అది సరైన కొలతే. ఇక్కడ మెడ కోత తప్పు కాదు, పట్టీ తప్పు. 136 కుట్లు ఎక్కువైపోయి, లోపలికి వాలాల్సిన పట్టీ చీర కుచ్చిళ్లలా పైకి లేచింది. ముక్కలు ముట్టుకోకండి, పట్టీ ఒక్కటే విప్పండి.

ఎన్ని ఎత్తాలో చూద్దాం. వెనక మూసిన 44 కుట్లకు 44. ముందు మధ్య 20కి 20. పక్కల దగ్గరే అందరూ తప్పు చేస్తారు, మీరూ అక్కడే 36 చొప్పున ఎత్తారు. కుట్టు వెడల్పు కన్నా వరుస ఎత్తు తక్కువ. 22 కుట్లకు 30 వరుసలు వచ్చే గేజ్‌లో నిలువు అంచు మీద 4 వరుసలకు 3 కుట్లే ఎత్తాలి. 4కు 4 ఎత్తితే అలలు వస్తాయి, 2 ఎత్తితే ముడుచుకుపోతుంది. మీ పక్క అంచు అడ్డం 5.5, నిలువు 9, వంపు వెంట 11 దాకా వస్తుంది. 11ను 2.2తో గుణిస్తే 24. మొత్తం 44, 20, 24, 24, అంటే 112. రెండు నిట్, రెండు పర్ల్ వచ్చే రిబ్‌కు 4తో భాగం పోవాలి, 112 పోతుంది.

మూడోవరుస
112 కూడా లూజే అనిపిస్తోంది నాకు. లోపలి గుండ్రం బయటి గుండ్రం కన్నా చిన్నది కదా. 100 ఎత్తితే?

లెక్కల_లలిత
తక్కువ ఎత్తితే ఏటవాలు దగ్గర కన్నాలు కనిపిస్తాయి. 112 ఎత్తి, తర్వాతి చుట్టులో తగ్గించడం మేలు. 12 కుట్లు అల్లి, రెండు కలిపి ఒకటిగా, ఇలా 8 సార్లు. 112లో 14లు ఎనిమిది, సరిగ్గా సరిపోతుంది. 104 మిగులుతాయి, అదీ 4తో పోతుంది. ఇక సూది. ఎత్తడమే 3.25తో ఎత్తండి. 9 వరుసల్లో చివరి 4 వరుసలు 3 మి.మీ. సూదికి మారండి, మన నంబర్లలో 11. పట్టీ పై అంచు మెడకు అతుక్కున్నట్టు వస్తుంది.

సూదిమొన
ఎత్తే తీరు కూడా చెప్తాను, పట్టీ అందమంతా ఆ ఒక్క వరుసలోనే ఉంది.

కుడి భుజం అతుకు దగ్గర మొదలుపెట్టి వెనక మెడ మీదుగా వెళ్లండి. మూసిన అంచు దగ్గర, గొలుసులా కనిపించే పై వరుసలోకి గుచ్చకండి. దాని కింద ఇంగ్లీషు వీ అక్షరంలా ఉన్న కుట్టు నడిమధ్యలోకి సూది దించి దారం బయటకు లాగాలి. అప్పుడు గొలుసు వెనక్కి మడతపడి దాక్కుంటుంది. నిలువు అంచు దగ్గర చివరి కుట్టు వదిలి, ఒక పూర్తి కుట్టు లోపల, రెండు వరుసల మధ్య అడ్డ దారాల కింద గుచ్చాలి. 3, 2, 2 మూసిన మెట్ల మూలల్లో పెద్ద కన్నం ఒకటి నోరు తెరుచుకుని రమ్మని పిలుస్తుంది. దాంట్లోకి వెళ్లొద్దు. దాని కింది కుట్టులోకి గుచ్చండి. తప్పనిసరై ఆ కన్నంలోంచే ఎత్తితే, తర్వాతి చుట్టులో వెనక కాలులోంచి అల్లి మెలి తిప్పండి.

ఎత్తేముందు మెడను సేఫ్టీ పిన్నులతో భాగాలు చేసుకోండి. ఒక్కో పక్క నాలుగు భాగాలు చేస్తే భాగానికి 6 కుట్లు. కుడి పక్క 24, ఎడమ పక్క 27 వచ్చే గొడవ ఉండదు.

కొత్తగా_అల్లిక
పిల్లల స్వెటర్‌కూ ఇదేనా? తల దూరడం లేదు.

ఊలుండ
పిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. రెండేళ్ల పిల్లకు తల చుట్టుకొలత 48 సెం.మీ. దగ్గర్లో ఉంటుంది, మెడేమో చిన్నది. అంత తల దూరేలా మెడ వదిలితే చలికి బోసిగా ఉంటుంది. ఎడమ భుజం అతుకు వేయకుండా వదిలి, ముందు వైపు 6 వరుసల రిబ్‌లో రెండు గుండీ కన్నాలు, వెనక వైపు అంతే పట్టీ వేసి గుండీలు కుట్టండి. ఒక కన్నానికి దారం ఒకసారి సూది మీద వేసి, తర్వాతి రెండు కుట్లు కలిపి అల్లితే చాలు, చిన్న గుండీ పడుతుంది.

పెద్దవాళ్లకు కూడా తల సంగతి మరిచిపోకూడదు. పెద్దల తల 55 నుంచి 58. నీలిఊలు గారి 104 కుట్ల రిబ్ అంత సాగుతుంది, మూసిన అంచే సాగదు. మామూలుగా బిగించి మూస్తే తల దగ్గర ఇరుక్కుంటుంది. మూసేటప్పుడు కుడి చేతిలో 4.5 మి.మీ. సూది పట్టుకోండి. రిబ్ ప్రకారమే, నిట్ మీద నిట్, పర్ల్ మీద పర్ల్ అల్లుతూ మూయండి.

డాలస్_పద్మ
నేనైతే మడత పట్టీ వేయమంటాను. 9 వరుసలకు బదులు 18 అల్లి, మూయకుండా లోపలికి మడిచి, సూది మీద ఉన్న ఒక్కో కుట్టును ఎత్తిన వరుస లోపలి వైపుకు దారం సూదితో కుట్టేయడమే. మూసిన అంచే లేదు కాబట్టి తల సులువుగా దూరుతుంది. రెండు పొరలు కాబట్టి యాక్రిలిక్ పట్టీ నాలుగు ఉతుకులకే వేలాడిపోదు. ఇందులో లలిత గారు చెప్పిన సూది మార్పు మడత దగ్గర చేయాలి. మధ్యలో ఉన్న 8 వరుసలు 3 మి.మీ.తో, మిగిలినవి 3.25తో.

లెక్కల_లలిత
యాక్రిలిక్‌కు పద్మ గారి పద్ధతే మెరుగు, ఒప్పుకుంటాను. కుట్టేటప్పుడు ఎదురుగా ఉన్న కుట్టుకే కుట్టాలి. ఒక్క కుట్టు పక్కకు జరిగినా పట్టీ మొత్తం మెలి తిరుగుతుంది. 20 కుట్లకోసారి పిన్ను పెట్టుకోండి.

ఆదిలాబాద్_చలి
వీ మెడకైతే?

రెండుసూదులు
దానికి విడిగా రాయాలి, ముఖ్యమైనది చెప్తాను. మెడకు 44 కుట్లు పోవాలనుకోండి. మధ్యలో మొన పట్టాలి కాబట్టి 45, బేసి సంఖ్య పెట్టుకోండి. నడిమి ఒక్క కుట్టు సేఫ్టీ పిన్ను మీద ఉంచి, ఒక్కో పక్క 22 తగ్గించాలి. లోతు 20 సెం.మీ., 60 వరుసలు. మొదట వరుస విడిచి వరుస 16 సార్లు, 32 వరుసలు. తర్వాత 4 వరుసలకోసారి 6 సార్లు, 24 వరుసలు. మొత్తం 56, చివరి 4 తిన్నగా. అంచున రెండు కుట్లు వదిలి తగ్గిస్తే కుట్టు ఎత్తడానికి అంచు శుభ్రంగా ఉంటుంది. పట్టీలో పిన్ను మీద కుట్టు నడిమధ్య నిట్ అయ్యేలా చూసుకుని, ప్రతి రెండో చుట్టులో రెండు కుట్లు కలిపి, నిట్ వేసేటప్పటిలా సూది గుచ్చి, అల్లకుండా జార్చండి, తర్వాతిది అల్లి దాని మీద నుంచి ఆ రెండింటినీ దాటించండి. మూడు ఒకటవుతాయి, మొన గీత గీసినట్టు దిగుతుంది.

నీలిఊలు
మెడ పట్టీ విప్పి 112 ఎత్తాను, 104 చేసి మడత పట్టీ వేశాను. వెడల్పు లోపల 14.5 సెం.మీ. వచ్చింది, ఒంటికి ఆని కూర్చుంది. తల దూరుతోంది. కానీ వెనక మెడ, భుజాల అతుకులు లాగితే సాగుతున్నాయి. చేతులు రెండూ అతికాక ఆ బరువుకు ఇంకా జారుతుందేమో.

ఊలుండ
జారుతుంది. స్వెటర్ బరువంతా వేలాడేది ఆ గీత మీదే. 3.5 మి.మీ. క్రోషా సూదితో లోపలి వైపు నుంచి, ఒక భుజం చివర మొదలుపెట్టి, అతుకు వెంట, వెనక మెడ కింద పట్టీ మొదలైన వరుస వెంట, రెండో భుజం చివరి దాకా జారుడు కుట్టు వేయండి. ప్రతి కుట్టులో ఒకటి, బిగించొద్దు, వదులు చేయొద్దు. బయటికి కనిపించదు. వేసే ముందు వెనక మెడ 20 సెం.మీ. దగ్గర, రెండు భుజాలు సమానంగా పిన్ను పెట్టుకోండి. ఆ కుట్టు ఏ కొలత దగ్గర పడితే అక్కడే ఆగిపోతుంది.

సూదిమొన
చేతులు అతికేటప్పుడు ముందు నాలుగు పిన్నులు. క్యాప్ నెత్తి మధ్య భుజం అతుకుకు, చంకలో మూసిన 5 కుట్లు ఒంటి 5 కుట్లకు రెండు వైపులా, నాలుగోది ఒక పక్క సగం దూరంలో. చంక నుంచి మొదటి 8 సెం.మీ. వరుసకు వరుస కుట్టుకుపోవాలి, లాగకుండా. ఎక్కువున్న సెంటీమీటరు పైన భుజానికి ఇటు 5, అటు 5 సెం.మీ. మేరలోనే సర్దాలి. చంక దగ్గర సర్దితే ముడత పడుతుంది. పైన సర్దితే భుజం గుండ్రంగా నిండుతుంది.

రెండో చెయ్యి విడిగా అల్లొద్దు. విప్పిన కఫ్, కొత్త కఫ్ రెండూ ఒకే పొడుగు సూది మీదకు ఎక్కించి, రెండు ఊలు ఉండలతో పక్కపక్కన అల్లండి. పెంచడం, తగ్గించడం రెండింటికీ ఒకే వరుసలో పడతాయి.

గుంటూరు_దారం
ఊలు సరిపోతుందా? 14 కుట్లు వెడల్పు పెరిగింది.

లెక్కల_లలిత
పొడవు 48 నుంచి 43కి, క్యాప్ 13 నుంచి 10కి తగ్గింది కాబట్టి పెద్ద తేడా రాదు. అయినా కొనాలంటే ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద లాట్ నంబరు (ఒకేసారి రంగు వేసిన విడత నంబరు) చూసుకుని కొనండి. అదే రంగు, వేరే లాట్ అయితే పగటి వెలుతురులో చెయ్యి ఒక ఛాయ, ఒళ్లు ఒక ఛాయ కనిపిస్తుంది. ఆ లాట్ దొరక్కపోతే కొత్త ఉండను కఫ్‌లకు వాడండి, రిబ్‌లో తేడా తెలియదు.

నీలిఊలు
రెండు ఉండలు మిగిలున్నాయి, ఒకే లాట్. కఫ్ దాకా విప్పేశాను. విప్పిన దారం మెలికలు మెలికలుగా ఉంది, అలాగే అల్లొచ్చా?

ఊలుండ
అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపుకు లడిగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా వేరే దారంతో కట్టి, ముందు చెప్పినట్టే ఇస్త్రీపెట్టె ఆనించకుండా దూరం నుంచి కొంచెం ఆవిరి పట్టించండి. తర్వాత నీడలో వేలాడదీయండి. కింద బరువేమీ కట్టొద్దు. ఆరాక ఉండ చుట్టేటప్పుడు వేళ్లు నాలుగు లోపల పెట్టి వదులుగా చుట్టండి.